పుల్లతో తడితే

పదకొండేండ్లు వీపున మందు ట్యాంకు మోసినోణ్ణి.
కేసీ కాలువ కట్ట మీద నర్సరీలో
గులాబీకి సోమవారం, మందారానికి బుధవారం,
పురుగున్నా లేకున్నా
క్యాలెండరు చూసి కొట్టేవాణ్ణి.
సాయంత్రం కల్లూరు ఆటో ఎక్కితే
పక్కనోళ్లు కొంగు ముక్కుకు పెట్టుకునేటోళ్లు.
జొన్నరొట్టె తుంచితే
వేళ్ల వాసన పప్పు వాసనను మింగేసేది.
అలవాటైపోయింది నాకు.
మందారం మీది తెల్ల పిండికీ
అలవాటైపోయింది.

ఈ ఎండాకాలం షాహిదా వచ్చింది,
ఉద్యానశాఖ పిల్ల, మా చిన్నదాని ఈడు.
ఏం కొత్త మందు తెచ్చిందో అనుకుంటి.
సంచిలోంచి తీసింది
ఒక భూతద్దం, ఒక పెన్సిలు,
గీతల నోటుబుక్కు.
"మద్దిలేటన్నా, ఈ వారం ఏమీ కొట్టొద్దు.
చూడు. లెక్క రాయి."

చూడ్డమూ ఒక పనేనా?
చూసినందుకు కూలి ఎవరిస్తారు?
మా ఓనరు గిడ్డయ్య మీసంలో నవ్వుకున్యాడు.

అయినా రాసినా.
వరసకు పది కుండీలు, కుండీకి అయిదాకులు,
ప్రతి ఆకూ తిప్పి.
ఇన్నేండ్లూ ఆకుల ముఖాలే చూసినోణ్ణి
ఒక్కదాని వీపన్నా చూడలేదు.
ఆడ ఒక ఊరే ఉండాది!
ఎర్రనల్లి దారాలు కట్టుకుంటాంది,
పేనుబంక పిల్లల్ని కంటానే ఉండాది,
తీపి బంక కోసం చీమలు వరస కట్టినాయి
రేషను షాపు కాడ మాదిరి.

"అవి కాపలాదార్లన్నా" అనింది షాహిదా.
తీపి ఇచ్చేదాన్ని చీమ కాస్తాదంట,
దాన్ని తినేదానికి వచ్చినోళ్లను కరుస్తాదంట.
కుండీల బల్ల కాళ్లకు గ్రీసు పూసినాం.
తెల్లారి చూస్తే గ్రీసు అంచున
ఆగిపోయినాయి,
హంద్రీ పొంగిన రోజు మేం నిలబడినట్టు.

పసుపు అట్టలకు ఆముదం పూసి వేలాడగట్టినాం.
తెల్లదోమ మంగళవారం నలభై,
శుక్రవారం ఇరవై ఆరు.
ఒక సీతాకోక కూడా అంటుకుంది.
దాన్ని ఏ గడిలో రాయాలో తెలీక
కాగితం అంచున రాసినా.

మూడో వారం.
మందారం కొమ్మ సందున తెల్లగా కనపడింది.
స్పిరిట్టులో ముంచిన దూదితో
ఒక కొమ్మ తుడిచేసి రెండోదానికి పోతాంటే
"ఆగన్నా" అని చెయ్యి పట్టుకుంది.
"ముందు పుల్లతో తట్టు."

తట్టినా.
తెల్ల కుచ్చుల పురుగొకటి
గబగబా పరిగెత్తింది.
"పరిగెత్తేది మనది.
కదలనిది పిండినల్లి."

అక్షింతల పురుగు పిల్లంట అది.
పిండి వేషం కట్టి, పిండినల్లుల నడుమ తిరిగి,
వాటినే తింటాదంట.
పెద్దదైతే నల్ల వీపు, ఇటుకరంగు తల.

నా చేతిలో దూది.
దూదికి అంటుకున్యాయి మూడు తెల్లవి.
వాటిలో పరిగెత్తేది ఏదో
ఇప్పుడు ఎట్ల తట్టి అడిగేది?
ట్యాంకుకు పదహారు లీటర్లు,
వారానికి రెండు సార్లు, పదకొండేండ్లు.
ఈ గుణకారం
నోటుబుక్కులో వెయ్యలేదు నేను.

ఆదివారం ఎన్నార్ పేట నుంచి ఒకామె వచ్చింది.
గులాబీ ఆకుకు చిల్లు చూసి
"పురుగు మొక్క అంటగడతావా?" అనింది.
ముందైతే తల వంచుకొని ఇంకో కుండీ తెచ్చేవాణ్ణి.
ఇప్పుడు భూతద్దం చేతికిచ్చి
ఆకు వీపు తిప్పి చూపించినా.
చూసింది. ఛీ అనింది.
కొనకుండానే కారెక్కింది.
గిడ్డయ్య నా దిక్కు చూసినాడు గానీ
శనివారం కూలి కొయ్యలేదు.

ట్యాంకు పారెయ్యలేదు.
సబ్బు నీళ్లతో నాలుగు సార్లు కడిగి
వేపగింజల కషాయం పోసిపెట్టినాం.
లెక్క గీత దాటితే కొడతాం.
దాటిందా లేదా అని
ముందు ఆకు తిప్పుతాం.

నిన్న సాయంత్రం ఆటోలో
ఒక ముసలామె నాకు ఆనుకొనే కూచుంది.
నా చొక్కా మీద పురుగును చూసి
దులపబోయింది.
నల్ల వీపు, ఇటుకరంగు తల.
"ఉండనీ అవ్వా, అది మనది" అన్యా.
ఆమెకేం అర్థమైందో గానీ చెయ్యి తీసింది.
కల్లూరు దాకా
ముగ్గురం కదలకుండా కూచున్యాం.