పద్నాలుగో నెంబరు

చెర్నీహివ్‌లో మా తొమ్మిదంతస్తుల భవనానికి
కరెంటు పోయి నలభై గంటలు.
లిఫ్టు నాలుగుకీ ఐదుకీ మధ్య ఎక్కడో
మింగుడుపడని ముద్దలా ఆగింది.

సాయంత్రం ఐదింటికి
ఏడో అంతస్తు నుంచి జినయీదా దిగుతుంది.
చంకలో బీపీ పెట్టె, చేతిలో గళ్ళ నోట్‌బుక్కు,
నుదుటికి కట్టుకున్న మనవడి సైకిలు దీపం.

ఆమెకీ నాకూ పదకొండేళ్ళుగా మాటల్లేవు.
వాళ్ళ కొళాయి కారి నా గోడ ఉబ్బిననాటి నుంచీ
పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.
ఆ మంట ఇప్పుడుంటే
ఇద్దరం కూర్చుని చలి కాచుకునేవాళ్ళం.

"చొక్కా చెయ్యి పైకి లాగు" అంది మొదటిరోజు.
క్షమించమనలేదు, బాగున్నావా అనలేదు.
గుడ్డపట్టీ నా చేతిని బిగించి, బిగించి
మెల్లగా వదిలింది.
నూట డెబ్భై ఎనిమిది.
"ట్రాలీబస్సు నడిపినవాడివి,
బ్రేకెక్కడుందో తెలీదా?"

నా మాత్రలు మంగళవారమే అయిపోయాయి.
మందుల షాపు అద్దాలకి చెక్కలు కొట్టేశారు.
రెండో అంతస్తు ఓరిస్యా
గ్యాసు పొయ్యి మీద బీట్‌రూట్ చారు కాచి
మెట్లమీదే అందరికీ పోసేది,
ఉప్పు తక్కువేసి, నా వంక చూసి.
శుక్రవారానికి నూట యాభై రెండు.
ఎందుకు దిగిందో నన్నడక్కండి.
ఐదు గంటలవుతోందంటే
గడ్డం గీసుకోవడం మొదలెట్టాను, అంతే.

నోట్‌బుక్కులో ఇంటికో వరస.
మూడో అంతస్తు, పద్నాలుగో నెంబరు ఎదుట మాత్రం
పెన్సిలుతో: "తలుపు తీయలేదు."
మర్నాడూ అదే మాట.
ఆయన పేరు మాలో ఎవరికీ తెలీదు.
మెట్లమీద ఎదురైతే టోపీ అంచు ముట్టుకునేవాడు,
మేం తల ఊపేవాళ్ళం.
ఇరుగూ పొరుగూ అంటే
అంతే అనుకున్నాం.

నాలుగో రోజు ఓస్తాప్ తాళం విరగ్గొట్టాడు.
కుర్చీలో ఉన్నాడాయన,
కోటుతో, టోపీతో, చేతి తొడుగులతో.
బల్లమీద మూడు డబ్బాల మాత్రలు,
నేను వెతుక్కుంటున్నవే,
సీలు తీయనివి.

జినయీదా తొడుగు తీసి ఆ చెయ్యి పట్టుకుంది,
నాడి చూస్తున్నట్టే, చాలాసేపు.
తర్వాత కరెంటు బిల్లు వెతికి
దీపం వంచి పేరు రాసుకుంది:
వికెంతీ హ్రబోవెంకో.
పక్క గడి ఖాళీగా వదిలింది.

ఇప్పుడు తలుపు కొడితే
మూడుసార్లతో ఆపదు.
తొమ్మిదో అంతస్తు కుర్రాడు
దుప్పట్లోంచి విసుక్కుంటాడు:
"బతికే ఉన్నానమ్మా!"

"అయితే చొక్కా చెయ్యి పైకి లాగు."