ఐదున్నర బస్సు

గ్రిమ్స్‌బీలో అందరికీ వచ్చింది ఆ ఉత్తరం.
మా ఆయనకి రెండుసార్లు.
రెండోసారి నడుంనొప్పని రాసి తప్పించుకుని
ఆ వారమంతా గట్టు మీద వంగి చేపలు పట్టాడు.
ఎదురింటి పింక్నీకి మూడుసార్లు,
ఆయనకి సరిగా వినపడదు కూడా.
నాకు మాత్రం
కరెంటు బిల్లు, కంటి ఆస్పత్రి,
చర్చి వాళ్ళ పాతబట్టల అమ్మకం.

ఏవ్రిల్ కాక్‌వెల్. ఓటర్ల జాబితాలో ఉన్నాను.
వెళ్ళి చూసొచ్చాను, అక్షరం తప్పు లేదు.
చీట్లు తీస్తారట, ఇప్పుడైతే కంప్యూటరు తీస్తుందట.
యాభై ఏళ్ళుగా ఎవరి చెయ్యీ నా చీటీ మీద పడలేదు.

పిలవని పేరంటానికి పోయే మనిషిని కాను.
అయినా ఒకనాడు పోయి కోర్టులో వెనక బల్ల మీద కూర్చున్నాను.
పన్నెండు మందిలో ఒకమ్మాయి
సాక్షి ఏడుస్తుంటే గోళ్ళు చూసుకుంటోంది.
లేచి వెళ్ళి భుజం తట్టాలనిపించింది,
కాస్త జరుగమ్మా, అని.

ఫిబ్రవరి తొమ్మిదికి నాకు డెబ్బయ్యారు.
ఆ రోజుతో సరి.
ఓటెయ్యొచ్చు, పన్ను కట్టొచ్చు,
కావాలంటే నేరం చెయ్యొచ్చు, వయసు అడ్డు రాదు.
ఇంకొకరి నేరం తేల్చడానికి మాత్రం పనికిరాను.

నీకెందుకే అంత ఆశ, అంటుంది మా చెల్లెలు.
వాళ్ళిచ్చే డబ్బులు మధ్యాహ్నం తిండికే సరిపోవంటుంది.
దానికి చెప్పలేదు.

చేపల షెడ్డు. డెబ్బై నాలుగు, డిసెంబరు.
ఐసులో చేతులు మొద్దుబారిన ఇరవై మంది ఆడవాళ్ళం.
క్రిస్మస్ చీటీ డబ్బులున్న రేకు డబ్బా కనపడలేదు.
మార్లీన్ కొత్తగా చేరింది.
కాళ్ళకి కొత్త బూట్లున్నాయి.
అంతే సాక్ష్యం.
ఆ పిల్లే అనుకునేవాళ్ళు చేతులెత్తండి, అన్నాడు మేస్త్రీ.
ఐదున్నర బస్సుకి ఇంకా ఆరు నిమిషాలుంది.

ఎత్తాను.
గ్లవ్వు తియ్యలేదు, చేప నీళ్ళు
మోచేతి దాకా కారాయి.
మార్లీన్ ఏమీ అనలేదు. ఏప్రన్ విప్పి
అంచుకి అంచు కలిపి మడత పెట్టింది,
మళ్ళీ రేపు కట్టుకునేదానిలా.
మాకు బస్సు అందింది.

మార్చిలో ఐసు మర జరిపితే
వెనకాల డబ్బా దొరికింది, ఒక్క పెన్నీ తగ్గకుండా.
మేస్త్రీ "అరెరే" అన్నాడు. అంతే అన్నాడు.
తిలాపాపం తలా పిడికెడు.
మిగతా పంతొమ్మిది పిడికిళ్ళ సంగతి నాకు తెలీదు.
నాది ఇంకా విప్పలేదు.

అందుకే
తలుపు మూసిన గది ఒకటి కావాలి నాకు.
నీళ్ళ జగ్గు, పన్నెండు గ్లాసులు,
అందరూ కోట్లు తొడుక్కుంటున్నప్పుడు
"ఆగండి, మళ్ళీ మొదట్నించీ చూద్దాం" అనే గొంతు
నాదై ఉండాలి.
పదకొండు మందీ నా మీద విసుక్కోవాలి.

డిసెంబరులో పై అంతస్తు డెక్లన్ దిగొచ్చాడు,
చేతిలో కవరు.
"దీన్ని ఎగ్గొట్టే ఉపాయం చెప్పు ఏవ్రిల్, నాకు నైట్ షిఫ్టులు."
అందుకున్నాను. ముప్పై ఏళ్ళు చేపలు తూచిన చెయ్యి నాది,
ఇంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు.
"కావాలంటే నువ్వే పో" అని నవ్వాడు.
పోలేను నాయనా, దాని మీద పేరు నీది.

ఫిబ్రవరిలో వాడి చొక్కా ఇస్త్రీ చేసిచ్చాను.
కాలరు రెండుసార్లు చేశాను.
గడియారం చూడకు, అన్నాను. బస్సు పోతే పోనీ.
వాడికేం అర్థమైందో.

పదమూడో తారీకు. వాన.
నాకు డెబ్బయ్యారు దాటి నాలుగు రోజులు.
చీకటి పడ్డాక మెట్ల దగ్గర అడుగులు.
లోపల ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు,
వాడు చెప్పకూడదు.
నా గుమ్మం పక్కన బూట్లు విప్పి వంచాడు,
నీళ్ళు కారాయి.
నడిచే వచ్చాడు.