నివురు

కూనబరాబ్రన్ దాటాక కొండదారి.
హెడ్‌లైట్లు తగ్గించమని బోర్డు.
చివరి మలుపులో ఒక కంగారూ
విసుక్కున్నట్టు పక్కకి తప్పుకుంది.

వేడిని చూడాలంటే కన్ను గడ్డకట్టాలి.
డెస్ గొట్టం బిగించి
కెమెరాకి ద్రవ నైట్రోజన్ పడుతున్నాడు,
తల్లిలేని గొర్రెపిల్లకి సీసాపాలు పట్టినంత ఓపికగా.

పరారుణంలో రాత్రి నల్లగా ఉండదు.
ఆకాశమే మసకమసకగా మండుతుంటుంది.
అందుకే నిమిషానికోసారి దూరదర్శినిని రవ్వంత జరిపి
ఆకాశంలోంచి ఆకాశాన్ని తీసేస్తాం.
మిగిలిన చిల్లరే మా సంపాదన.

మూడింటికి ఆ చిల్లర తెరమీద తేలింది:
ఏడొందల కోట్ల ఏళ్ళ కిందటి గుంపు.
నడిమధ్య బొద్దుగా, ఎర్రగా,
కొత్త చుక్కని కనడం మానేసిన గెలాక్సీలు.
అంచుల్లో ఇంకా కంటున్నవి,
లోపలికి జారుతూ జారుతూ
ఒంటిమీది వాయువు పోగొట్టుకుంటున్నవి.
ఎప్పుడు ఆరతాయి, ఎందుకు ఆరతాయి?
నా మూడేళ్ళ జీతం ఆ ప్రశ్నదే.

డెస్ నా భుజం మీదుగా చూశాడు.
"కార్చిచ్చు ఈ కొండెక్కి దిగిపోయాక
పదిహేను రోజులు మొద్దుల చుట్టూ తిరిగాం.
పొగ రాదు. పైకంతా బూడిదే.
చెయ్యి తిరగేసి ఇలా దగ్గర పెట్టాలి.
అరచెయ్యి కాయలు కాసింది, దానికేం తెలీదు."

అలాగే తిరగేసిన చేతిని
తెర నడుమ ఎర్రటి మచ్చ దగ్గర ఉంచాడు.
వెచ్చగానే ఉందట.
అది తెర వేడని ఇద్దరికీ తెలుసు.
చెయ్యి మాత్రం తీయలేదు.

తర్వాతి ఎక్స్‌పోజరుకి
ఇంకా నలభై సెకన్లుంది.