పిట్ట బిళ్ళ

కుషిరోలో మంచు కురిసే రాత్రుల్లో
కొటాట్సు దుప్పటి కింద ఎనిమిది కాళ్ళు,
పక్కన అల్లికతో అమ్మ.
బల్ల మీద మాజాంగ్ బిళ్ళలు నూట ముప్ఫై ఆరు,
కలిపితే రేకు మీద వడగళ్ళ చప్పుడు.

నిజానికి నూట ముప్ఫై అయిదే.
వెదురు ఒకటి, అంటే వెదురుకి బదులు పిట్ట బొమ్మ ఉండేది,
నాలుగింట్లో ఒకటి నాకు ఏడేళ్ళప్పుడు పోయింది.
చాపలెత్తి వెతికాం, స్టవ్ వెనక, అన్నయ్య బడిసంచీలో.
నాన్న మాత్రం వంగలేదు.
ఖాళీ సిగరెట్ పెట్టెని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

మూడోనాడు అమ్మ
విరిగిన చెక్క గరిటె కాడ కోసి
సూదిమొనతో పిట్టని గీసింది.
తోక కుదరక కోడిపిల్లయింది.

మిగతావాటికి పచ్చటి వీపు, దానికి గోధుమరంగు.
ఎవరి చేతికొచ్చిందో అందరికీ తెలుసు.
తెలియనట్టు ఆడటమే మా ఇంటి ఆట.
నెలకి రెండు ఆదివారాలు
బోటు ఇంజన్ రిపేరని నాన్న నెమురో రైలెక్కేవాడు.
తిరిగొచ్చిన గోళ్ళలో గ్రీజు ఉండేది కాదు.
అదీ అంతే.

నలభై తొమ్మిదో రోజు, బౌద్ధ గురువు మంత్రాలు చదివి వెళ్ళాక
బూట్ల మంచు దులుపుకుంటూ గుమ్మంలో ఒకామె.
నాన్న కనుబొమలు.
పేరు చిగుసా అంది. తర్వాతి మాట రాలేదు.
కర్చీఫ్ విప్పి బల్ల మీద పెట్టింది:
అంచున పంటిగాట్లు పడ్డ పిట్ట.
"పళ్ళొస్తూ ఏడుస్తుంటే నా చేతికిచ్చారట."

కియోహరు అన్నయ్య లేవబోయాడు.
దుప్పటి కింద అమ్మ చెయ్యి కదిలింది,
అన్నయ్య కూర్చున్నాడు.
"మీ అమ్మకి ఆ దగ్గు తగ్గిందా?"
అడిగింది అమ్మ, టీ వంపుతూ.

మేం ముగ్గురం కప్పుల్లోకి చూసుకున్నాం.

నాన్న కూర్చునే దిండుని
రెండుసార్లు తట్టి అటు జరిపింది.
ఇప్పుడు పిట్టలు అయిదు, ఆటకి నాలుగే కావాలి.
మిజుహో అక్క చెయ్యి ఎటూ వెళ్ళక ఆగింది.
చెక్కదాన్ని అమ్మే తీసుకుని
ఏప్రన్ జేబులో వేసుకుంది.
"ఇది నేను చేసుకున్నది."

గోడ కట్టాం, పంచుకున్నాం.
పంటిగాట్ల బిళ్ళ మొదటి చేతిలోనే నాకొచ్చింది.
నాకు పనికిరాదు. విసరబుద్ధీ కావట్లేదు.
ముగ్గురూ నా చేతినే చూస్తున్నారు.
చూడనట్టు ఈసారి ఎవరూ నటించట్లేదు.