వెనక సీటు

రెండు వందల పదకొండు రాత్రులు
బ్రస్సెల్స్ వానలో బండి ఆపుకుని కూచున్నాను.
లోపల కప్పల తూకం.
నాలుగు కుదురుకుంటే
అయిదోది కిటికీ దగ్గరికొచ్చి సిగరెట్టు ముట్టించేది.

తెల్లారి సంతకాలయ్యాయి.
రైల్వే మంత్రి ఫాన్ హూక్ ఎక్కుతూనే
నా పేరడిగాడు.
"గోదెలీవ" అన్నాను.
స్పెల్లింగుతో సహా రాసుకున్నాడు.

పదకొండో వారం శాఖలు మారాయి.
ఆయన రైళ్లు ఫ్రెంచివాళ్లకి,
వాళ్ల బడులు ఇంకెవరికో,
ఆయనకి ఓ పుష్పగుచ్ఛం.
అదీ బండిలోనే మర్చిపోయాడు.

ఇవాళ కొత్తావిడ.
సీటు సందులో ఏదో గుచ్చుకుందని
చెయ్యి పెట్టి లాగింది:
ఒక కాలు విరిగిన కళ్లజోడు.
పెట్టుకుని, ఫైలు తెరిచి,
"అరె, బాగానే కనిపిస్తోందే" అంది.

అద్దంలో చూశాను.
అచ్చం ఆయనలాగే
చూపుడువేలు తడిచేసుకుని
పేజీ తిప్పింది.