నాలుగు డబ్బాల పుంటికూర

రూముకు నాలుగు డబ్బాలు. అంతే.
అజ్మాన్‌ల, అల్ జర్ఫ్ క్యాంపు మిద్దె మీద
ఐదోది కనబడితే అన్నీ కిందికి పారేస్తనని
కురియన్ సార్ కాగితం అతికించిండు,
మలయాళంల, హిందీల, ఉర్దూల.
తెలుగుల రాయలే. మాకు లెక్కలొస్తయని నమ్మినట్టున్నడు.

మూడో కీమో అయినంక లింబాద్రి
నోరంత ఇనుము రుచి అన్నడు.
ఇరవై ఏండ్లు వెల్డింగ్ చేసినోడు, ఆ మాట ఊకెనే అనడు.
పప్పొద్దు, చారొద్దు, ఖుబ్జ్ వాసన అసలే వద్దు.
ఒకనాడు గోడ దిక్కు తిరిగి
"పుంటికూరైతే తింటనేమో" అన్నడు.
ఆ 'నేమో' పట్టుకొని నేను మిద్దె ఎక్కిన.

గింజలు మోర్తాడ్ నుంచి వచ్చినయి,
మా వదిన బీడీల దారంతోని కట్టిన పొట్లంల.
పెయింట్ డబ్బాలకు మేకుతోని అడుగున తూట్లు.
ఇసుకల వాడిన చాయ్‌పత్త, చేపలు కడిగిన నీళ్లు.
ఇగ తాపడానికి, ఏసీ పైపు కారే నీళ్లు.
రాత్రంత కారి పొద్దుగాలకు బకెట్ నిండుతది.
ఉప్పులేని నీళ్లు,
పన్నెండు మంది ఊపిరిలకెళ్లి పిండినయి.

గింజ వేసుడే ఆలస్యమైంది.
అక్టోబర్‌ల పొద్దు కురచ,
మొక్క మోకాలికి రాకముందే మొగ్గ తొడిగింది.
మొగ్గేస్తే ఆకు ఆగుతది.
మూడు డబ్బాలు అట్లనే తొందరపడ్డయి, పెండ్లి కుదిరిన పోరగాండ్ల లెక్క.
మెట్ల తలుపు లైటు కిందున్నది మాత్రం
ఏమీ ఎరగనట్టు ఆకులే వేసుకుంట కూసుంది.
రాత్రయిందని దానికి ఎవ్వరూ చెప్పలే.
మొగ్గలు గిల్లేసి
మిగిలిన మూడింటిని గూడ లైటు కిందికి జరిపిన.
ఓవర్‌టైం లేని నైట్ డ్యూటీ.

నాలుగే చెట్లు, కని నాలుగే కొమ్మలని ఏ కాగితంల రాసుంది?
తల తుంచిన. తల పోయిన కాడ రెండు లేసినయి,
వాటి తలలు తుంచితే నాలుగు.
నిటారుగ పోయేదాన్ని సుతిలితోని వంచి
డబ్బా అంచుకు కట్టిన.
ఎండ ఇప్పుడు కింది ఆకుకు గూడ దొరుకుతది.

ఎవడో ఫోటో తీసిండు.
ఐదు వేళ్ల ఆకు, అంచుకు రంపం పండ్లు.
శుక్రవారం నమాజైనంక ఇద్దరు వచ్చిండ్రు.
'హషీష్' అనే మాటకు మాకు తర్జుమా అక్కరలే.
వాచ్‌మన్ గుల్ జమాన్ తాళాలు
నాకంటె ముందు వణికినయి.
నాకొచ్చిన అరబ్బీ అంత
సీదా, బుక్రా, ఖలాస్.
అందుల పులుపు అనే మాటే లేదు.

ఒక ఆకు తెంపి నమిలిన, వాళ్లు చూస్తుండంగ.
ఇంకోటి చెయ్యి చాపి ఇచ్చిన.
చిన్నోడు వాసన చూసిండు.
పెద్దోడు నాలిక మీద పెట్టుకున్నడు.
ఒక కన్ను మూసుకపోయింది.
"హామిద్" అన్నడు.
ఆ రోజు నేర్చుకున్న మాట అది, ఎన్నటికీ మరువ.

అయినా ఒకదాన్ని ఏర్లతో సహా పీకి
ప్లాస్టిక్ సంచిల పెట్టి, సీలేసి, ల్యాబుకు తీసుకపోయిండ్రు.
దాని కబురు మళ్ల రాలే.
కురియన్ సార్ కాగితం మీద నాలుగు కొట్టేసి
మూడు రాసిండు.

మూడింటిల నుంచి రెండు పిడికిళ్లు.
ఎండుమిరపకాయ, ఎల్లిపాయ, ఇంత నూనె.
లింబాద్రి మొదటి బుక్క పెట్టుకొని ముఖం ముడిచిండు.
రూమంత పన్నెండు మందిమి ఆగినం.
"ఉప్పు తక్కువైంది" అన్నడు.

ఆగస్టు నుంచి ఏ తిండికీ వంక పెట్టనోడు.
ఉప్పు డబ్బా కోసం లేచిన.
స్టౌ పక్కనే ఉంది. కనబడ్డది.
అయినా వాని దిక్కు వీపు పెట్టి
చానసేపు ఎతికిన.