చోటుందా?

కర్నూలు. మా సహకార బ్యాంకు మూడో అంతస్తు.
కింద మెట్ల గోడ మీద
తొమ్మిదో సంవత్సరం తుంగభద్ర గీసిపోయిన బురద గీత
సున్నం వేసిన ప్రతిసారీ మళ్లీ పైకి తేలుతుంది.
అందుకే యంత్రాలన్నీ మెట్లెక్కాయి.
లోపల పద్దెనిమిది డిగ్రీలు, బయట ఏప్రిల్.
ఈ ఊళ్లో ఎండాకాలం స్వెట్టరేసుకునేది
నేనొక్కదాన్నే అనుకుంటా.

ఇక్కడ లెక్కలు నడిచేది నారింజ రంగు తీగల్లో.
పైన ప్లాస్టిక్కు, లోపల గాజు, గాజులో వెలుతురు.
ఆ వెలుతురికి ఒక మర్యాదుంది:
అవతలివాడు "చోటుంది, పంపు" అంటేనే కదులుతుంది,
అనకపోతే గడప దగ్గరే నిలబడుతుంది.
మా పెదనాయన సుంకన్న కేసీ కాలువ మీద లస్కరు.
కింది తూము నుంచి కబురు రానిదే
పై తలుపు ఒక్క మర తిప్పేవాడు కాదు,
ఏ పెద్దమనిషి జీపేసుకొచ్చినా.
ఫైబర్ ఛానల్ అంటే ఏమిటని కొత్తపిల్లలు అడిగితే
ముందు ఆయన్ని చెబుతాను,
పుస్తకం తర్వాత.

మొన్న ఇద్దరొచ్చారు.
హైదరాబాదాయన, ఇస్త్రీ మడత చెదరకుండా:
"నిల్వకు సొంత దారుండాలి మేడమ్.
సొంత స్విచ్చి, సొంత కార్డు, సొంత తీగ.
నిద్రకు ఖరీదు కడతామా?"
బెంగళూరాయన, ఉగ్గాని తిన్న చెయ్యి తుడుచుకుంటూ:
"ఉన్న రోడ్డు మీదే పోనియ్యండి. ఈథర్నెట్.
ఒక మూట దారిలో పడిపోతే ఇంకోటి పంపుతుంది,
అంతే కదా!"
మద్దిలేటి సారు రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి
చివరి అంకెలు మాత్రం చదివారు.

వాళ్లు చెప్పనివి కొన్ని నాకు తెలుసు.
పోయిన దసరా ముందు, జీతాల రోజు,
మూలనున్న ముసలి సర్వరొకటి
తీసుకోలేక, వద్దనలేక, నోరు మెదపక కూచుంది.
దాని వెనక వెలుతురంతా ఆగింది,
ఏ తప్పూ చేయని యంత్రాలది కూడా.
ఆదోని, ఎమ్మిగనూరు, డోను,
కౌంటర్ కౌంటర్ దగ్గరా ఒకటే మాట:
"తిరుగుతాండాదమ్మా, కూచో."
మర్యాద కూడా ఇట్లా గొంతు పట్టుకోగలదని
పెదనాయనకు చెప్పుంటే నమ్మేవాడు కాదు.

మరి రోడ్డు?
పరీక్షకు పెట్టుకున్న నెలలో
తొమ్మిది వేల బైట్ల పెద్ద బండ్లు కట్టి తోలాం.
మధ్యలో ఒక చిన్న స్విచ్చి,
పదిహేనువందలు దాటి మోసిన పాపాన పోలేదు.
"ఉన్నావా?" అంటే "ఉన్నా" అంటుంది.
బరువేస్తే మింగేసి ఊరుకుంటుంది.
ఆ మౌనం ఎక్కడిదో కనుక్కోడానికి
రెండు రాత్రులు, పదకొండు టీలు.

నీకేది కావాలని నన్నెవరూ అడగలేదు.
అడిగినా నీళ్లు నమిలేదాన్నేమో.
రోడ్డే గెలిచింది. అంకె చిన్నది.

శనివారం రాత్రి తీగలు పీకడానికి దస్తగిరి వచ్చాడు.
పాతబస్తీ పిల్లోడు, మోకాళ్ల మీద పాకి
నేల పలకలెత్తి ఒక్కో తీగా చుట్ట చుడుతున్నాడు.
"ఇంత సన్నందాంట్లో ఏముంటాదక్కా?"
ఊడిన కొస కంటికెత్తబోతే చెయ్యి పట్టుకున్నాను.
కంటితో కాదురా. ఫోన్ తీయి. కెమెరా పెట్టు.
తెర మీద ఆవగింజంత
ఊదా తెలుపు చుక్క.

అవతలి కొస ఇంకా పాత స్విచ్చిలోనే ఉంది.
"ఎవురికోసమక్కా ఇంకా ఎలుగుతాండాది?"
నేను స్విచ్చి ఆపడానికి లేచి
మళ్లీ కూచున్నాను.
పెదనాయన తూము తాళంచెవి అప్పజెప్పొచ్చిన రోజు
కంచంలో జొన్నరొట్టె అట్లాగే ఉండిపోయింది,
అది ఎందుకో అప్పుడే గుర్తొచ్చింది.
దస్తగిరి ఫోన్ పట్టుకునే ఉన్నాడు.
తర్వాత ఆపాను.

ఆదివారం తెల్లవారి నాలుగుంపావుకు
కొత్త దారిలో మొదటి మూట పడిపోయింది.
వెంటనే ఇంకోటి బయలుదేరింది,
ఎవరినీ అడక్కుండానే.